చెవి మిషన్‌తో శ్రవణం

పోయిన వారం వీడియోలో నవవిధ భక్తుల గురించి చెప్పుకున్నాం. భాగవతం ఏడో స్కంధంలో తండ్రి ఒళ్లో కూర్చుని ప్రహ్లాదుడు చెప్పిన తొమ్మిదిలో మొదటిది శ్రవణం. ఆ మాట చెబుతూనే నేను మీ దగ్గర ఒకటి దాచాను. నాకు సరిగ్గా వినపడదు.

రెండేళ్ల కిందట ఒక సత్సంగంలో ఒకావిడ లేచి ఏదో అడిగారు. నాకు "నాన్నగారు", "పండగ" అన్న రెండు మాటలే అందాయి. నవ్వుతూ, "చాలా సంతోషం అండీ, అందరూ కలిసి బాగా చేసుకోండి" అనేశాను. హాలంతా నిశ్శబ్దం. ఆవిడ అడిగింది, "మా నాన్నగారు పోయి ఏడాది కాలేదు, పండగ చేసుకోవచ్చా?" అని. ఆవిడ ముఖం నేను మర్చిపోలేను.

అప్పుడు వెళ్లాను పరీక్షకి. ఆడియోగ్రామ్ గీత ఎడమ నుంచి కుడికి మెట్లు దిగినట్టు దిగిపోయింది. స, శ, ఫ లాంటి హల్లులు సన్నని ధ్వనులు కదా, ముందు పోయేవి అవేనట. అచ్చులు మిగులుతాయి. అందుకే మనిషి గొంతు వినపడుతుంది, మాట మాత్రం అందదు. చుట్టూ ఉన్నవాళ్లేమో "కావాలనే వినిపించుకోదు" అంటారు.

మిషన్ పెట్టుకున్నాక మొదటి రోజు గుడి గంట నెత్తిన కొట్టినట్టు వినపడింది. మెదడు అలవాటుపడటానికి కొన్ని వారాలు పట్టింది. అది తేలికే. కష్టం ఇంట్లో మొదలైంది. "పెళ్లి చూపులకి జుట్టు వదులుకో, కనపడదు" అంది అమ్మ. పాపం, తన భయం తనది. ఒక చుట్టం "ఏ జన్మలో ఏం చేశావో" అన్నారు. ఆయన సోడాబుడ్డి కళ్లద్దాలు పెట్టుకుని మరీ అన్నారు! నాకు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. పొద్దస్తమానం చెవుల్లో ఇయర్‌బడ్స్ పెట్టుకుని తిరిగే మనమే మిషన్ చూస్తే చూపు తిప్పుకుంటాం. ప్రపంచంలో 150 కోట్ల మందికి పైగా ఏదో ఒక స్థాయిలో వినికిడి లోపం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అంతమందీ పాపం చేసి పుట్టారా?

నాకు ధైర్యం వచ్చింది పరీక్షిత్తు దగ్గర. శ్రవణానికి ఆయన్నే కదా ఉదాహరణగా చెబుతాం. చేతిలో ఉన్నవి ఏడే రోజులు. అయినా ఊరికే తల ఊపుతూ కూర్చోలేదు. భాగవతం నిండా ఆయన ప్రశ్నలే. సందేహం వచ్చిన చోటల్లా ఆపి అడిగాడు, శుకుడు విసుక్కోకుండా చెప్పాడు. మరి నేను? అందని మాటకి ఏళ్ల తరబడి తల ఊపాను. "ఏమన్నారు? ఇంకోసారి చెప్పండి" అంటే చెవిటిమాలోకం అంటారని భయం. వినపడకపోవడం నా తప్పు కాదు. విన్నట్టు నటించడం మాత్రం అబద్ధమే, దానికి బలైంది నాన్నని పోగొట్టుకున్న ఒక కూతురు. ఆవిడకి తర్వాత ఫోన్ చేసి క్షమాపణ అడిగాను. "అవునా, నాకు చెప్పి ఉంటే గట్టిగా అడిగేదాన్ని కదమ్మా" అన్నారు.

ఎడిటింగ్ చేసే తమ్ముడు ఇన్నాళ్లూ నన్ను కుడివైపు నుంచే చూపిస్తూ వచ్చాడు, నేనే చెప్పాను అలా. ఈ శనివారం జుట్టు ముడి వేసుకుని కూర్చుంటాను. సత్సంగంలో నన్నేమైనా అడగాలంటే కాస్త నా వైపు తిరిగి, నిదానంగా అడగండి. అందకపోతే మళ్లీ అడుగుతాను.