వెలుగు ఎవరి సొమ్ము?

(ధ్యానమునకు: యోబు 38వ అధ్యాయము, మార్కు 14:3-9)



చూడదగినదానిని చూచుటకు మాత్రమే డబ్బు వెచ్చించి దూరదేశము పోవుట తప్పా, ఒప్పా? వైద్యమునకు కాదు, చదువునకు కాదు, కూలికి కాదు. కేవలము కన్నులార చూచి వచ్చుటకు. డబ్బు గలవారిని గూర్చిన ప్రశ్న ఇది, మనకేల అని కొందరనవచ్చును. అయితే మనలో ప్రతివాడును ఏదో ఒకదానిని కొని అనుభవించువాడే. కొన్నది నాది అని తలంచు బుద్ధి పేదవానికిని ధనవంతునికిని ఒకటే. కాబట్టి ఒక దృష్టాంతమును ముందుంచుకొని దీనిని విచారింతము.

నార్వే, స్వీడను, ఫిన్లాండు దేశముల ఉత్తరపు కొసలు ధ్రువవలయమునకు అవతల నున్నవి. అక్కడ శీతకాలమున సూర్యుడు ఉదయింపని దినములు కలవు. నార్వేలోని ట్రోమ్సో పట్టణములో నవంబరు చివరినుండి జనవరి నడిమివరకు సూర్యబింబము కనబడదు. మధ్యాహ్నవేళ కొంతసేపు నీలిరంగు మసక వెలుతురు వచ్చి పోవును. అంత చీకటికి, అంత చలికి పూర్వము పనిలేనివాడెవడును పోయెడివాడు కాడు. ఇప్పుడో, ప్రతి శీతకాలమున లోకము నలుదిక్కులనుండి జనులు విమానములెక్కి పోవుచున్నారు. ఆ దేశములలో ఉద్యోగములు చేయు మన తెలుగు బిడ్డలును సెలవులలో పోయి ఇంటికి ఫొటోలు పంపుచున్నారు. కుక్కలు లాగు మంచుబండ్లపై తిరుగుదురు. కాళ్లకు స్కీ చెక్కలు తగిలించుకొని జారుదురు. గడ్డకట్టిన సరస్సునకు రంధ్రము చేసి చేపలు పట్టుదురు. స్వీడనులోని యుక్కస్‌యార్వి గ్రామమున టోర్నె నది మంచుగడ్డలతో ఏటేట గదులు కట్టి అతిథులను పరుండబెట్టుదురు. ఎండకాలము రాగానే ఆ గదులు కరగి మరల నదిలో కలియును.

అయితే వీటన్నిటికంటె మిక్కిలిగా వారు కోరునది ఉత్తర ధ్రువకాంతి. రాత్రి ఆకాశమున పచ్చని తెరవలె అది వ్రేలాడును, అలవలె కదలును, ఒక్కొక్కప్పుడు ఎరుపు, ఊదా రంగులు చిమ్మును. అది ఎట్లు కలుగునో నేడు మనకు తెలియును. సూర్యునినుండి సన్నని విద్యుత్కణములు ఎల్లప్పుడును వెడలుచుండును. అవి రెండు మూడు దినములలో భూమిని చేరును. మన భూమి ఒక పెద్ద అయస్కాంతము గనుక, ఆ కణములలో కొన్ని ధ్రువములవైపు నడిపింపబడి పైగాలిని తాకును. సుమారు 100 కిలోమీటర్ల ఎత్తునకు పైన ప్రాణవాయువు ఆ తాకిడికి పచ్చగా వెలుగును. 200 కిలోమీటర్లకు మించిన ఎత్తున అదే ప్రాణవాయువు ఎఱ్ఱగా వెలుగును. నత్రజని నీలము, ఊదా రంగులనిచ్చును.

ఈ సంగతి ఊరక తెలియలేదు. నార్వే దేశీయుడైన క్రిస్టియన్ బిర్కిలాండ్ అను శాస్త్రజ్ఞుడు 1899లో ఆల్టా సమీపముననున్న హాల్డె కొండ శిఖరముమీద రాతి కట్టడమును కట్టించి, గాలివానలలో శీతకాలమంతయు ఆ కాంతిని కనిపెట్టెను. ఆ యాత్రలోనివాడొక యువకుడు మంచుచరియ విరిగిపడి మరణించెను. తరువాత ఆయన గాలి తీసిన పెట్టెలో అయస్కాంతపు గోళము నుంచి, చిన్న ధ్రువకాంతిని చేసి చూపెను. ఆయన చెప్పినదానిని అనేకులు నమ్మలేదు. 1917లో ఆయన టోక్యో నగరమున చనిపోయెను. ఆకాశమునుండి విద్యుత్ప్రవాహములు ధ్రువములపైకి దిగునన్న ఆయన మాట నిజమని 1960ల తరువాత ఉపగ్రహములు తెలిపినవి.

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. మొదట నొక అభ్యంతరము వినబడును: ఒక కుటుంబము అక్కడికి పోయి వచ్చుటకు లక్షల రూపాయలు కావలెను, ఆ సొమ్ముతో ఎందరు బీదలకు అన్నము పెట్టవచ్చును! ఈ మాట వినగానే నీతిగా తోచును. అయితే బేతనియలో ఒక స్త్రీ విలువగల అత్తరును పగులగొట్టి పోసినప్పుడు ఇదే మాట పలికినవారుండిరి, యేసు వారిని మెచ్చుకొనలేదు. సౌందర్యమునకై పెట్టిన ప్రతి కాసును వ్యర్థమే అని లెక్కించువాడు, తరచుగా బీదలకును ఏమియు పెట్టనివాడే. చూడవలెనను కోరిక మనుష్యునిలో దేవుడుంచినదే. నక్షత్రములను చూచి ఆశ్చర్యపడిన కీర్తనకారుని మనము తప్పు పట్టము.

అంతమాత్రమున ఆ అభ్యంతరము తొలగిపోలేదు. ఆ స్త్రీ పోసినది తనమీద కాదు, మరియొకరి తలమీద. ఆమె అత్తరునకును, మన విహారయాత్రకును భేదమిదే. నేను నా కన్నులకొరకే ఖర్చు పెట్టుచున్నప్పుడు, ఆమె పేరు చెప్పి నన్ను నేను సమర్థించుకొనరాదు. ఖర్చు పెట్టుటలో పాపము లేకపోవచ్చును. నా ఖర్చువలన ఎవరికేమి కలిగినదో చూడకుండుటలో పాపము కలదు.

రెండవ సంగతి. ఆ కాంతి అమ్మకమునకు లేదు. విమానపు టిక్కెట్టు అమ్ముదురు, గది అమ్ముదురు, వెచ్చని బూట్లు అద్దెకిత్తురు, చీకటిలోనికి తీసికొనిపోవు మోటారుబండి అమరుతురు. కాంతిని మాత్రము ఎవరును అమ్మలేరు. మబ్బు కమ్మినయెడల వారమంతయు కూర్చుండినను కనబడదు. ఆకాశము నిర్మలముగా నున్నను సూర్యుడు శాంతముగా నున్న రాత్రి అది మిక్కిలి మందముగా నుండవచ్చును. ఖర్చంతయు పెట్టి వట్టి చేతులతో తిరిగి వచ్చినవారు అనేకులు. అట్టివారిలో కొందరు కోపపడుదురు; మేము డబ్బు చెల్లించితిమి గదా అందురు. మరికొందరు చలిలో మౌనముగా నిలిచి, కనబడని రాత్రియు మంచి రాత్రియే యని నేర్చుకొందురు. ఒకే యాత్ర, ఒకే ఖర్చు. వచ్చిన ఫలము మాత్రము వేరు. హిమపు గిడ్డంగులలోనికి నీవెప్పుడైన పోతివా యని దేవుడు యోబును ప్రశ్నించెను. నేడు యోబునకు జవాబుగా మనము టిక్కెట్టు చూపగలము. అయినను ప్రశ్న అట్లే నిలిచియున్నది. పోయినంతమాత్రమున గిడ్డంగికి యజమానులము కాము.

ఆ కాంతి ధనవంతులదే యనుకొనువారికి మరియొక సంగతి చెప్పవలెను. 2024 మే 10, 11 తేదీల రాత్రులలో సూర్యునియందు గొప్ప తుపాను కలిగి, 2003 తరువాత అంతటి బలమైన అయస్కాంతపు తుపాను భూమిని తాకెను. ఆ దినములలో మన దేశమున లడఖులోని హాన్లె అను కొండచోట ఆకాశము ఎఱ్ఱబారుట కెమెరాలలో పడెను. అక్కడి గొఱ్ఱెలకాపరులెవరును దానిని చూచుటకు రుసుము చెల్లింపలేదు.

మూడవ సంగతి అన్నిటికంటె బరువైనది. ప్రకటనలలో ఆ దేశము నిర్జనమైన తెల్లని మైదానమువలె కనబడును. అది నిర్జనము కాదు. సామీ అను జనులు అనాదిగా నార్వే, స్వీడను, ఫిన్లాండు దేశములలోను, రష్యాలోని కోలా ద్వీపకల్పమునందును నివసించుచున్నారు. వారిలో అనేకులు రెయిన్‌డీరు మందలను మేపుకొని బ్రదుకువారు. శీతకాలమున ఆ పశువులు కాళ్లతో మంచును త్రవ్వి అడుగుననున్న నాచువంటి మేతను తినును. మంచు మెత్తగా నున్నంతకాలము వాటికి బాధ లేదు. నడి శీతకాలమున వాన కురిసి గడ్డకట్టినయెడల నేలపై గాజువంటి పెంకు ఏర్పడును. పశువు మేత వాసన తెలిసియు దానిని అందుకొనలేదు. అప్పుడు కాపరి మేత కొని మోయవలెను, లేదా మంద చావవలెను. కరవుకాలమున పశువును సాకినవారికి ఆ కాపరి బాధ చెప్పనక్కరలేదు.

ఆ వానలు ఇప్పుడు ఎక్కువగుచున్నవి. 1979 నుండి ధ్రువప్రాంతము మిగిలిన భూమికంటె ఇంచుమించు నాలుగు రెట్లు వేగముగా వేడెక్కినదని 2022లో ప్రచురింపబడిన పరిశోధన తెలిపినది. ఆ వేడికి మన పొయ్యిలు, కర్మాగారములు, మోటార్లు, విమానములు అన్నియు కారణములే. మంచును చూడగోరి పోవువాడు తాను ఎక్కిన విమానముచేతనే మంచును కొంత కరిగించుచున్నాడు. ఒక్కని పాలు స్వల్పమే. అయితే స్వల్పమైన పాపములేకదా సంతలో కూడి పెద్దవగుచున్నవి.

మంచుపై పరుగెత్తు మోటారుబండి చప్పుడునకు చూలుతోనున్న రెయిన్‌డీరు బెదరి పరుగెత్తును. సామీ వస్త్రములకు నకళ్లు కుట్టించి, సామీలు కానివారు ధరించి యాత్రికులకు ఆట చూపుటయు జరిగినది. దానివలన విసిగి 2018లో ఫిన్లాండులోని సామీ సభ, తమ సంస్కృతిని తప్పుగా చూపి సొమ్ము చేసికొను యాత్రావ్యాపారము మానవలెనని నియమములు ప్రకటించెను. యాత్రికులు రాకూడదని వారనలేదు. తమ ఇంటికి తామే యజమానులమని మాత్రమే చెప్పిరి. యాత్రికులవలన జీవనము దొరకు సామీ కుటుంబములును కలవు. తమ మందను తామే చూపి, తమ కథను తామే చెప్పుకొని బ్రదుకుచున్నారు. ఇది న్యాయమైన సంపాదన.

ఇతరుల ఇంటిలో యజమానివలె ప్రవర్తించుట యాత్రికులతో పుట్టినది కాదు. సంఘమువారమైన మనము వినవలసిన చరిత్ర ఒకటున్నది. పదునేడు, పదునెనిమిది శతాబ్దములలో ఆ దేశమునకు పోయిన బోధకులు సామీల డోళ్లను లాగుకొని అనేకము కాల్చివేసిరి. 1691లో ఆండెర్స్ పౌల్సెన్ అను వృద్ధుని డోలును అధికారులు తీసికొని, ఆయనను మంత్రగాడని విచారణ చేసిరి. తీర్పు రాకముందే ఆయన కావలిలో చంపబడెను. ఆ డోలు డెన్మార్కు రాజుల వస్తువులలో చేరి, 2022లో మాత్రమే కారాష్యోక్ పట్టణములోని సామీ ప్రదర్శనశాలకు సొంతముగా తిరిగి ఇయ్యబడెను. అంతకు ముందటి యేడు, 2021 నవంబరులో, స్వీడను సంఘపు ప్రధానాధ్యక్షురాలు ఉప్సాల దేవాలయమున సామీ జనులను బహిరంగముగా క్షమాపణ వేడెను. సువార్తను తెచ్చినవాడు సహితము అతిథి మర్యాద మరచినయెడల దొంగ యగును.

మరియొక విధముగా అక్కడికి పోయి నేర్చుకొన్నవారును కలరు. లార్స్ లెవి లెస్టాడియస్ 1826 నుండి స్వీడను ఉత్తరపు కొసనున్న కారెసువాండో గ్రామమున పాదిరి. తల్లి వైపున సామీ రక్తము గలవాడు. ఆయన గొప్ప వృక్షశాస్త్రజ్ఞుడు. ఒక గసగసాల జాతి మొక్కకు ఆయన పేరు పెట్టబడెను. 1838లో ఫ్రెంచివారి పరిశోధకబృందము ఉత్తరదేశమునకు వచ్చినప్పుడు ఆయన వారితో తిరిగెను. ఆ దేశపు మంచును, మొక్కలను ఆయనకంటె ఎరిగినవారు కొద్దిమంది. అయినను ఆయన హృదయము మారినది పువ్వులవలన కాదు. 1844 జనవరిలో ఓసెలె అను ఊరికి సంఘముల తనిఖీకి పోయినప్పుడు, మిల్లా క్లెమెంట్స్‌డాటర్ అను సామాన్యమైన సామీ యువతి తన ఆత్మ పడిన పాట్లను ఆయనకు చెప్పెను. పండితుడు కూర్చుండి వినెను. ఆ దినము తన జీవితమున మరువరానిదని ఆయన తరువాత వ్రాసెను. ఆ పిమ్మట ఆయన కాపరులకు తెలిసిన మాటలతో, సామీ, ఫిన్నిష్ భాషలలో బోధించెను. సారాయివలన పాడగుచున్న ఇండ్లు అనేకము బాగుపడెను.

దీనినిబట్టి నాకు తోచినది ఇది. ధ్రువకాంతిని చూచుటకు పోవుట పాపము కాదు, పుణ్యమును కాదు. కొనువానిగా పోవుచున్నామా, అతిథిగా పోవుచున్నామా అనునదే దానిని మంచిగానో చెడుగానో చేయును. కొనువాడు ఇచ్చిన సొమ్మునకు సరిపడ వచ్చినదా యని లెక్క చూచుకొనును. అతిథి గడప దగ్గర చెప్పులు విడుచును, ఇంటివారి క్షేమమడుగును, పెట్టినది తినును, పెట్టనిదానికి అలుగడు.

కాబట్టి మన బిడ్డలలో ఎవరైన అక్కడికి పోదుమని చెప్పినయెడల వారిని గద్దింపకుడి. మూడు సంగతులు మాత్రము చెప్పుడి. పోయినవారు తొందరగా తిరిగి రాక ఎక్కువ దినములుండి, మాటిమాటికి విమానమెక్కుట మానవలెను. పశువులు మేయు చోటికి చప్పుడు చేయు బండితో పోకుండవలెను. ఆ ఇంటివారి చేతికే సొమ్ము చేరునట్లు చూచుకొనవలెను. ఆకాశమును ఎంతసేపు చూచిరో అంతసేపు ఒక మనుష్యుని మాటయు వినవలెను. ఆ యాత్రకు పెట్టగలిగినవారు తమ వీధిలోని ఆకలిని ముందుగా ఎరుగుదురా యని తమ్మును తాము అడుగుకొనవలెను; అది ఎవరును వారి బదులు అడుగగల ప్రశ్న కాదు.

ఎన్నడును అక్కడికి పోని మనకో? మన పొలములకు వచ్చు పట్నపువారిని మనమెరుగుదుము. వరిచేను బాగున్నదని ఫొటో తీసికొని, చేను దున్నినవాని పేరైన అడుగక కారెక్కి పోవుదురు. అప్పుడు మనకు కలుగు చిన్న నొప్పి సామీ కాపరికిని కలుగుచున్నది. మనము మరియొకని ఊరికి, మరియొకని ఇంటికి, మరియొకని వాడకు పోయినప్పుడు ఆ నొప్పిని జ్ఞాపకముంచుకొందము. చూడవచ్చినవారము చూచి పోదుము. అక్కడ బ్రదుకువారు చలిలోను చీకటిలోను అక్కడనే యుందురు. వారిని గౌరవింపక వారి ఆకాశమును మాత్రము మెచ్చుకొనుట, ఆ ఆకాశమును కలిగించినవానికి స్తోత్రము కానేరదు.