చీకటిగదిలో పూర్తయ్యే దృశ్యం

ప్రకృతి దృశ్యాల ఫొటోలో క్లిక్కుమనడంతో సగం పనే పూర్తవుతుంది. 1932లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ఏర్పడిన ‘గ్రూప్ ఎఫ్ 64’ అనే ఫొటోగ్రాఫర్ల చిన్న బృందం ఈ సంగతికి మంచి ఉదాహరణ. అప్పటి కెమెరా క్లబ్బుల్లో ఫొటోను వర్ణచిత్రంలా మసకగా మలచడం గొప్ప. ఈ బృందం దాన్ని కాదంది. లెన్సు ద్వారాన్ని బాగా చిన్నది చేసి, దగ్గరి రాయి నుంచి దూరపు కొండ దాకా అంతా స్పష్టంగా పడాలంది. పేరులోని 64 ఆ సన్నని ద్వారం కొలతే.

విచిత్రమేమంటే, ఆ బృందంలోని ఆన్సెల్ ఆడమ్స్ చీకటిగదిలో ప్రింటు వేసేటప్పుడు ఎంతో మార్పు చేసేవాడు. 1941లో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ గ్రామంపై చంద్రోదయాన్ని తీసినప్పుడు లైట్ మీటరు దొరక్క, చంద్రుడి కాంతిని బట్టి ఎక్స్‌పోజరు లెక్కగట్టాడు. తొలి ప్రింట్లలో లేత మబ్బులున్న ఆకాశం, తర్వాతి ప్రింట్లలో దాదాపు నల్లగా మారింది. ప్రింటు వేసేటప్పుడు కాగితంపై వెలుగును కొన్నిచోట్ల ఆపడం డాడ్జింగ్, కొన్నిచోట్ల ఎక్కువసేపు పడనివ్వడం బర్నింగ్. నేటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలోని పరికరాలకు ఆ పేర్లే ఉన్నాయి.

ఉన్న వెలుగును సర్దడం ఒకటి, లేని మబ్బును అతికించడం మరొకటి. అంతర్జాతీయ ఫొటోగ్రఫీ సమాఖ్య ఫియాప్ పోటీల నేచర్ విభాగంలో రంగు, వెలుగు సహజంగా కనిపించేలా సర్దుకోవచ్చు. దృశ్యంలోని వస్తువులను చేర్చడం, జరపడం, తీసేయడం కుదరదు. అంచులు కత్తిరించుకోవచ్చు. సృజనాత్మక విభాగాల్లో ఈ కట్టడి లేదు. అందుకే క్లబ్బు పోటీల్లో ఏ ఫొటో ఏ విభాగానికి వెళ్లాలన్నది ముందుగానే తేల్చుకుంటారు.