శత్రుశేషము

ఋణశేషము, అగ్నిశేషము, శత్రుశేషము ఉంచరాదని పెద్దల నీతి. పద్దులు వ్రాసి బ్రతికిన నాకు మొదటిదానియందు సందేహము లేదు. మూడవదానియందు ఇటీవల కలిగినది.

ఇసుక ఈగ కాటుచే లీష్మానియా యను పరాన్నజీవి దేహమున జొచ్చును. ఇందొక జాతి కాలా అజార్ జ్వరమునకు మూలము. దానిని 1903లో మదరాసున డోనవన్ అను వైద్యుడు రోగుల ప్లీహమునందు చూచెను. వేరొక జాతి చర్మమున పుండు చేయును. ఈ రెండవదానిని బెల్కాయిడ్ మొదలగువారు చిట్టెలుకలయందు పరిశీలించి 2002లో ప్రకటించిరి. పుండు మానినను కొన్ని క్రిములు చర్మమున మిగిలియే యుండెను. వానిని మిగులనిచ్చినవి దేహరక్షక కణములలోనివే. తోడి కణముల యుద్రేకము నణచు వీనికి నియంత్రక టి-కణములని పేరు. వీనిని గుర్తించిన సకాగుచికి 2025లో మరి యిద్దరితో గూడ నోబెల్ బహుమతి లభించినది. అణచుటకు తోడ్పడు ఇంటర్‌ల్యూకిన్-10 లేని చిట్టెలుకలలో క్రిములు నిశ్శేషముగ నశించినవి. అయితే అదే క్రిమి మరల సోకినపుడు వానికి రక్షణ లేకపోయెను. శేషమున్న వానికే యుండెను. పూర్తిగా గెలిచిన దేహము శత్రువునే మరచినదన్నమాట!

దీనిని క్షమ యనవచ్చునా? నేననను. క్షమకు ఎదుటివాని నెరిగిన మనసు కావలెను. కణమునకు అది యెక్కడిది? మిగిలిన క్రిమియు మిత్రము కాలేదు. దేహబలము సన్నగిల్లిన నాడు మరల విజృంభింపవచ్చును. అందుచే పెద్దల మాటను కొట్టివేయజాలను. మునుపటివలె నిస్సంశయముగ మనుమలకు చెప్పనును జాలను.