నేతిబీరకాయలో నెయ్యి

మన ఇళ్ళల్లో పిల్లలు ఎంతమంది పుట్టినా, పెట్టే పేర్లు మాత్రం నిన్నమొన్నటిదాకా గుప్పెడే. తాతగారి పేరు మనవడికి, నాయనమ్మ పేరు మనవరాలికి, మొక్కుకుంటే వెంకటేశ్వర్లు, మొక్కు తీరితే శ్రీనివాసరావు. అందుకే ఒక్క ఊళ్ళో నలుగురు సుబ్బారావులు తేలేవారు. పొడుగు సుబ్బారావు, బట్టలకొట్టు సుబ్బారావు, చెరువుగట్టు సుబ్బారావు, ఏ గుర్తూ దొరక్కపోతే ఉత్త సుబ్బారావు! ఒక సుబ్బారావు పేకాటలో ఆస్తి తగలేశాడని ఇంకో సుబ్బారావుకి కిరాణాకొట్లో అరువు ఆగిపోయేది కాదు. “ఏ సుబ్బారావు?” అని అడిగేవాళ్ళు. అంతే.

ఆ చిన్న ప్రశ్న అడగడం మానేస్తే ఏమవుతుందో 2017లో పత్రికల్లో వచ్చిన ఓ వార్త చెబుతుంది. జార్ఖండ్ కుర్రవాడు. ఓడల ఇంజనీరింగు చదివి మంచి మార్కులతో ప్యాసయ్యాడు. తోటివాళ్ళు ఒక్కొక్కరే ఉద్యోగాల్లో చేరిపోతున్నారు. ఇతనికి మాత్రం ఎక్కడికెళ్ళినా చుక్కెదురే. అలా నలభైసార్లదాకా అయిందని రాశారు. ఇంతకీ అతను చేసిన నేరం ఏమిటంటే, పేరు సద్దాం హుస్సేన్ కావడం. పుట్టినప్పుడు తాతగారు ముచ్చటపడి పెట్టారు. 2006 డిసెంబరు 30న ఉరికంబం ఎక్కిన ఇరాక్ మాజీ అధ్యక్షుడి పేరూ అదే మరి.

కంపెనీలవాళ్ళకి ఈ అబ్బాయిమీద అనుమానమేమీ లేదట. పరాయి దేశాల రేవుల్లో అధికారులు ఆ పేరు చూసి ఆపేస్తే తంటాలెవరు పడతారని భయమట. ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ? “మాకే పట్టింపూ లేదండీ, రేపు నలుగురూ ఏమంటారో అని...” అంటూ పెళ్ళిసంబంధాలు తప్పించుకునే పెద్దమనుషుల మాటే ఇది. తాము నమ్మని అనుమానాన్ని కూడా ఇంకెవరి నెత్తినో పెట్టి, ఆ పేరున కాదనెయ్యొచ్చన్నమాట.

అంత పేరుమోసినవాడి పేరైతే కనీసం సంగతేమిటో తెలుస్తుంది. ఏ ఊళ్ళోనో చీటీల డబ్బు ఎగ్గొట్టిన అనామకుడి పేరుతో కలిస్తే? ఇప్పుడు చాలా కంపెనీలు ఉద్యోగమిచ్చే ముందు మనిషి పూర్వాపరాలు విచారించే పనిని వేరే సంస్థలకి అప్పగిస్తున్నాయి. కోర్టు కేసుల్ని కక్షిదారు పేరుతో ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్లో వెతకొచ్చు. శ్రీనివాసరావు అని కొట్టి చూడండి, కళ్ళు తిరుగుతాయి! అందులో మన శ్రీనివాసరావు ఉన్నాడా లేడా అని తేల్చడానికి తండ్రి పేరూ, పుట్టినతేదీ, ఊరూ సరిచూడాలి. చూస్తే చిక్కే లేదు. చూడకపోతేనే వస్తుంది చిక్కంతా.

2011లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒకాయన భార్యనీ, మామగారినీ వెంటబెట్టుకుని కారు కొనడానికి వెళ్ళాడు. ఆ కొట్టువాళ్ళు అతని అప్పుల చరిత్ర తెప్పించి చూస్తే, దేశానికి శత్రువులని సర్కారు ప్రకటించినవాళ్ళ జాబితాలో ఈ పేరున్నట్టుందని వచ్చింది. కారు అమ్మమన్నారు. చివరికి భార్య తన పేరుమీద కొనాల్సి వచ్చింది. తర్వాత తేలిందేమిటంటే, ఆ లెక్కలు చూసే సంస్థ పేరూ ఇంటిపేరూ తప్ప పుట్టినతేదీ కూడా పోల్చి చూడలేదు. ఇలా అంటగట్టినవాళ్ళు 8,185 మందని లెక్క తేలి, వ్యవహారం అక్కడి సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. 2021లో తీర్పొచ్చింది.

ఉద్యోగమిచ్చేవాళ్ళ భయంలో తప్పులేదు. బ్యాంకులో డబ్బు లెక్కపెట్టేవాణ్ణీ, బళ్ళో పసిపిల్లల్ని కనిపెట్టుకునే ఆయానీ పెట్టుకునేటప్పుడు ముందూ వెనకా విచారించాల్సిందే. కానీ విచారించడం వేరు, ఆ ఓపిక లేక దరఖాస్తు పక్కన పడెయ్యడం వేరు. రెండోదానిక్కూడా ‘జాగ్రత్త’ అనే పేరు పెట్టేసుకుంటాం. వాళ్ళు కలిసొచ్చిందనుకున్న అరగంట, అవతల ఓ కుర్రాడికి ఏడాది.

పైగా ఎందుకు కాదన్నారో చెప్పరు. చేసిన తప్పుకైతే క్షమించమని అడగొచ్చు. చెయ్యని తప్పుకి, అదీ ఎవరూ పైకి అనని తప్పుకి, ఏమని సంజాయిషీ ఇస్తాడు? ఇంట్లో తల్లి జాతకం చూపిస్తూ ఉంటుంది. తండ్రి “వీడికి నాలుగు మాటలు మాట్లాడ్డం రాదు” అని విసుక్కుంటూ ఉంటాడు. అతనికీ తనలోనే ఏదో లోపముందనిపించడం మొదలవుతుంది. అమెరికా చట్టంలో ఒక మంచి నియమం ఉంది. అలాంటి విచారణ నివేదిక చూసి ఉద్యోగం ఇవ్వదలచుకోకపోతే, ముందుగా దాని నకలు అభ్యర్థి చేతికివ్వాలి. “ఇతను నేను కాదు” అని చెప్పుకునే అవకాశమన్నా ఉంటుంది.

భాగవతంలో అజామిళుడి కథ మనకి తెలిసిందే. చెయ్యరాని పనులన్నీ చేసి, ఆఖరి ఘడియలో యమభటుల్ని చూసి హడలిపోయి, కడగొట్టు కొడుకుని “నారాయణా!” అని పిలిచాడు. పిలిచింది కొడుకుని, వచ్చింది విష్ణుదూతలు. పేరు కలిసినందుకే పాపమంతా పోయిందంటే చేతులు జోడించి విన్నవాళ్ళం మనం. అందుకే కాబోలు, పేరు కలిస్తే పాపం కూడా అంటుకుంటుందంటే చప్పున నమ్మేస్తాం. కానీ కరుణ చూపడానికి ఎంత చిన్న సాకైనా చాలు. శిక్షించడానికి సాకు చాలదు, రుజువు కావాలి. ఆ తేడా మర్చిపోతేనే అన్యాయం.

“పోనీ, పేరు మార్చుకోకూడదూ?” అంటారు. ఆ జార్ఖండ్ అబ్బాయి అదీ చేశాడు. పేరు మారినా చదువుల సర్టిఫికెట్లు పాత పేరుతోనే ఉండిపోయి మళ్ళీ మొదటికొచ్చింది. ఈ అవస్థ ఆడవాళ్ళకి వేరే చెప్పాలా? పెళ్ళితో ఇంటిపేరు మారి, డిగ్రీ పట్టా ఒక పేరుతో, ఆధార్ కార్డు ఇంకో పేరుతో ఉంటే, “ఈ ఇద్దరూ నేనే” అని అఫిడవిట్లు రాయించుకుంటూ తిరిగే అమ్మాయిలు ప్రతి వీధిలోనూ ఉన్నారు. అతను రాయించుకోవాల్సింది “ఆ ఒక్కడూ నేను కాదు” అని. కష్టం ఒకలాంటిదే. కానీ అతని విషయంలో అవమానం కూడా తోడు. పేరు మార్చుకోవడమంటే, తాతగారి ముచ్చట తప్పేనని అతను సంతకం పెట్టి ఒప్పుకున్నట్టేగా!

నేతిబీరకాయలో నెయ్యి ఉండదని చిన్నప్పట్నుంచీ నవ్వుకుంటూనే ఉన్నాం. మనిషి పేరు దగ్గరికొచ్చేసరికి మాత్రం అందులో ఏదో ఉందని వెతుకుతాం. ఇదంతా కంపెనీల గొడవ, మనకేం అనుకోనక్కర్లేదు. పనిమనిషిని, డ్రైవర్ని, మేడమీద వాటాకి అద్దెవాళ్ళని నిర్ణయించేది ఎక్కువగా మనమే. ఎవరో చెప్పిన కథలో పేరూ, గుమ్మం ముందు నిలబడ్డ మనిషి పేరూ ఒకటైనప్పుడు తలుపు వేసేముందు ఓ మాట అడగొచ్చు. ఏ ఊరు బాబూ, మీ నాన్నగారెవరు, ఇదివరకు ఎక్కడ చేశావు అని. కులం కూపీ లాగడానికి కాదు, ఇతను అతను కాదేమో తెలుసుకోవడానికి.