పేరులో ఆ మాట ఎందుకు?

వెబ్‌సైట్ చేయించుకోవడానికి వచ్చినవాళ్ళు డొమైన్ పేరు ఎత్తగానే నా బుర్ర కీవర్డ్ వైపే పరిగెడుతుంది. పచ్చళ్ళ వ్యాపారమైతే పేరులో ‘పికిల్స్’ ఉండాలి, వీలైతే ‘ఆన్‌లైన్’ కూడా. అది దొరక్కపోతే మధ్యలో ఒక హైఫన్, అప్పటికీ దొరక్కపోతే రెండు. జనం వెతికే మాటే డొమైన్ అయితే చాలు, లోపల సరుకు లేకపోయినా గూగుల్ మొదటి పేజీకి ఎక్కిన రోజులున్నాయి. 2012 సెప్టెంబరులో, అక్కడ స్పామ్‌ను అరికట్టే బృందానికి పెద్దగా ఉన్న మాట్ కట్స్, అలాంటి నాసిరకం సైట్లను కిందికి దించుతున్నామని ప్రకటించారు. అమెరికాలో ఇంగ్లిష్‌లో జరిగే వెతుకులాటల్లో 0.6 శాతం మీద ఆ తేడా కనిపిస్తుందన్నారు. ఇప్పుడు గూగుల్ తన మార్గదర్శిలోనే, పేరులోని కీవర్డ్ ఒక్కదాని వల్ల ర్యాంకుకు ఒరిగేది దాదాపు ఏమీ లేదని రాసింది.

ఇదంతా తెలిసీ ఆ మాటల కోసమే ఎందుకు తడుముకుంటాను? నిలదీసుకుంటే తేలేది భయం. సొంత పేరు నిలబడాలంటే సరుకు బాగుండాలి, నలుగురి నోటా పడాలి, ఏళ్ళు పట్టాలి. అంత ఓపిక సైట్ కోసం వచ్చినవాళ్ళకు ఉండదని వాళ్ళ తరఫున నేనే తీర్మానించేస్తున్నాను.

పచ్చళ్ళ సైట్ కోసం వచ్చిన ఒక పెద్దావిడ, “మా అత్తగారి పేరే పెట్టు బాబూ, ఊళ్ళో అందరూ ఆవిడ పేరు చెప్పే ఆవకాయ అడుగుతారు” అన్నారు. ‘ఆ పేరు ఎవరు వెతుకుతారండీ’ అన్న మాట నా నోటిదాకా వచ్చింది. వెతుకుతున్నారనే కదా ఆవిడ చెబుతున్నది! పోనీ ‘ఆవకాయ’నే నమ్ముకుందామా అంటే, ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకరు మొదట ఒక ‘ఏ’ కొడతారు, ఇంకొకరు రెండు, మరొకరు చివర ‘ఐ’ పెడతారు. ఏ స్పెల్లింగు కొనాలి?

అయినా కీవర్డును పూర్తిగా కొట్టిపారేయలేను. ఫలితాల వరసలో పేరు చూడగానే ఇది పచ్చళ్ళ అంగడి అని తెలిస్తే కొనేవాళ్ళకు సుఖం. అందుకే అత్తగారి పేరు పక్కన ‘పచ్చళ్ళు’ చేరుద్దామన్నాను, ఆవిడ సరేనన్నారు. ఆ మాట కొనేవాళ్ళ కోసం చేర్చానా, నా భయం తీరడానికి చేర్చానా అన్నది మాత్రం ఇంకా తేల్చుకోలేదు.