ప్రేమకి సెలవు ఉంటుందా?

మా టీమ్‌లో ఆన్‌కాల్ డ్యూటీ ఉంటుంది. వారం రోజులు రాత్రీ పగలూ ఫోన్ పక్కనే పెట్టుకోవాలి, ఏ సర్వర్ పడిపోయినా లేవాలి. వారం కాగానే ఇంకొకరికి అప్పగించేస్తాం. అలా అప్పగించినందుకు ఎవరూ సిగ్గుపడరు. ఇంట్లో మాత్రం మూడేళ్ళు నేనొక్కణ్ణే ఆన్‌కాల్‌లో ఉన్నాను. మా ఆవిడకి బైపోలార్ డిజార్డర్. ఇది రాస్తున్నట్టు తనకి తెలుసు, మొదట చదివింది కూడా తనే.

నా అలసట నాకు కోపంలోనో ఏడుపులోనో కనిపించలేదు. ఒక సాయంత్రం తను చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వింది. నాకు సంతోషం కలగలేదు. నిన్న ఎన్ని గంటలు పడుకుంది, మాత్ర వేసుకుందా అని లోపల లెక్క మొదలైంది. నా మొహం చూసి తను నవ్వు ఆపేసింది. "నవ్వినా సింప్టమేనా?" అంది.

బర్నౌట్ మీద పరిశోధన చేసిన క్రిస్టీనా మాస్లాక్ చెప్పే మూడు లక్షణాల్లో ఒకటి ఇదే: ఎదుటి మనిషి మనిషిగా కాక ఒక కేసుగా కనబడటం. మనసు పూర్తిగా ఇంకిపోవడం, చేసేదేదీ పనికిరావట్లేదనిపించడం మిగతా రెండూ. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-11లో ఈ మాటని ఉద్యోగానికే పరిమితం చేసింది. దానికి వాళ్ళ కారణాలు వాళ్ళకుంటాయి. కానీ మన ఇళ్ళల్లో నమ్మకం కూడా అలాంటిదే. ఆఫీసులో అలిసిపోతే పని ఎక్కువైందంటారు, కాపురంలో అలిసిపోతే ప్రేమ తక్కువైందంటారు.

లెనార్డ్ వుల్ఫ్ 1912లో వర్జీనియాని పెళ్ళి చేసుకున్నాడు. మరుసటి ఏడాదే ఆమె ఆత్మహత్యకి ప్రయత్నించింది. ఆమె ఆరోగ్యం గురించి అతను డైరీలో రాసుకునేవాడు. ఎవరికీ అర్థం కాకుండా, సిలోన్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో వచ్చిన తమిళ, సింహళ అక్షరాలతో ఒక కోడ్ తయారుచేసుకున్నాడు. అక్కడ చదవడం ఆపేశాను. నా ఫోన్లోనూ పాస్‌వర్డ్ పెట్టిన స్ప్రెడ్‌షీట్ ఒకటుంది మరి.

1914 మార్చిలో విపరీతమైన తలనొప్పులతో లెనార్డే కూలబడ్డాడు. వర్జీనియాని ఆప్తుల దగ్గర ఉంచి, కొన్నాళ్ళు స్నేహితుడు లిటన్ స్ట్రేచీ దగ్గరికి వెళ్ళాడు. తిరిగొచ్చాడు. 1941లో ఆమె చనిపోయేదాకా ఆమెతోనే ఉన్నాడు. అతను వెళ్ళింది వదిలేసి కాదు, అప్పగించి.

ఇక్కడ ఒక ప్రశ్న నన్ను చాలాకాలం తినేసింది. జబ్బు నుంచి తనకి సెలవు లేనప్పుడు నాకెందుకు? ఇప్పటికి నాకు దొరికిన జవాబు ఇది: నేను పస్తుంటే తన ఆకలి తీరదు. పైగా నేను ఇంకిపోయిన కొద్దీ తను నాకు భార్యగా కాక పేషెంటుగా మిగిలిపోతోంది. నా విశ్రాంతిలో తనకీ వాటా ఉంది.

కానీ అప్పగించాలంటే ముందు ఎవరికో ఒకరికి చెప్పాలి. మేం ఎవరికీ చెప్పలేదు. ఆ రహస్యం నాది కాదు, తనది. నేను అలిసిపోయాను కదా అని తన జబ్బు గురించి ఊరందరికీ చెప్పే హక్కు నాకు రాదు. అందుకే తననే అడిగాను. రెండ్రోజులు మాట్లాడలేదు. మూడోరోజు, "అక్కకి చెప్పు" అంది.

ఇప్పుడు ఆదివారాలు వదిన వస్తుంది. బాగున్న రోజుల్లోనే కూర్చుని, బాగోలేనప్పుడు ఎవరికి ఫోన్ చేయాలి, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి అన్నీ ఇద్దరం రాసుకున్నాం. ప్రాణం మీదకొచ్చే మాటలు వినబడితే సెలవుల్లేవు, తనని ఒంటరిగా వదలకూడదు, అదీ రాసుకున్నాం. స్ప్రెడ్‌షీట్ తీసేశాను. నేనూ ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్తున్నాను. అందరికీ వదినలు ఉండరు, తెలుసు. కనీసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి, అలిసిపోయానని ఒక మనిషితో అనొచ్చు.

మొదటి ఆదివారం సినిమాకెళ్ళి, మూడు గంటల్లో పదకొండుసార్లు ఫోన్ చూసుకున్నాను. ఇంటికొచ్చేసరికి అక్కాచెల్లెళ్ళు ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు. లెక్క మొదలైంది. కాకపోతే, కాస్త ఆలస్యంగా.