పితరుల నాణెము – గీటురాయి

మన ఇండ్లలో అనేకుల పెట్టె అడుగున, పాత గుడ్డముక్కలో చుట్టి దాచిన వెండి రూపాయి ఒకటి ఉండును. అది అవ్వ చేతినుండి అమ్మకును, అమ్మ చేతినుండి మనకును వచ్చినది. “ఇది రాణిగారి కాలపు రూపాయి, మంచి వెండి” అని చెప్పి ఇచ్చిరి. మనమును అట్లే నమ్మితిమి. ఎవరైనను “ఇది నిజమైనదేనా?” అని అడిగినయెడల మన మనస్సు చివుక్కుమనును. నాణెమును సందేహించుట, ఇచ్చినవారిని సందేహించుటయే యని తోచును. ఈ తలంపు సరియైనదేనా? పెద్దలిచ్చినదానిని పరీక్షించుట వారికి అగౌరవమగునా? నిదానముగా యోచించుదము.

మొదట రెండు సంగతులను వేరుపరచవలెను. ఇచ్చినవారి యథార్థత ఒకటి. ఇచ్చిన వస్తువు యథార్థత మరియొకటి. ధాన్యమమ్మి పుచ్చుకొనిన రూపాయిని అవ్వ మంచిదనియే నమ్మి దాచియుండును. దొంగ నాణెములు ఆ కాలమందును ఉండెను. ఆమెను ఎవడైనను మోసగించియుండవచ్చును. అంతమాత్రమున ఆమె మోసగత్తె కాదు. కావున పరీక్షకు నిలువవలసినది లోహమే గాని ఆమె ప్రేమ కాదు.

పైగా మన పితరులే పరీక్షలేక నాణెమును పుచ్చుకొనెడివారు కారు. పట్టణములలో షరాబులు ఉండిరి. వారు రూపాయిని రాతిపలకమీద వేసి, దాని ధ్వనిని విని, అవసరమైనచో అంచున చిన్న గుర్తు కొట్టెడివారు. మొగలు రూపాయలమీద అట్టి గుర్తులు నేటికిని కనబడుచున్నవి. అంతకంటె ఎంతో పూర్వపువైన, అమరావతిలో దొరికినవంటి విద్ధాంక వెండి నాణెముల వెనుకవైపున గల చిన్న గుర్తులను పండితులలో అనేకులు పరీక్షకుల గుర్తులుగానే భావింతురు. గౌరవమును, పరీక్షను మన పెద్దలు ఒకదానికొకటి విరోధముగా ఎంచలేదు.

ఇక పరీక్ష ఎట్లు చేయవలెను? 1835లో ఏర్పడిన ఏకరూప నాణెముల పద్ధతి ప్రకారము బ్రిటిషు ఇండియా రూపాయి బరువు 180 గ్రెయినులు, అనగా ఒక తులము. నేటి కొలతలో అది 11.66 గ్రాములు, నేడు అంగళ్లలో చెప్పు 10 గ్రాముల తులము కాదు. అందు 12 పాళ్లలో 11 పాళ్లు వెండి. చేతులు మారి అరిగినది కొంచెము తగ్గును గాని మిక్కిలి తగ్గదు. తరువాత అక్షరములను చదువవలెను. 1876 వరకు గల నాణెములపై “విక్టోరియా క్వీన్” అనియు, 1877 నుండి “విక్టోరియా ఎంప్రెస్” అనియు ఉండును. 1890 సంవత్సరము వేసి “క్వీన్” అని యున్నయెడల అనుమానింపవలసినదే. అచ్చుతో కొట్టిన నాణెము అక్షరములు తీరుగా ఉండును. మూసలో పోసినదానిమీద సన్నని గుంటలును, అంచుచుట్టు అతుకు గీతయు తరచుగా కనబడును. అయస్కాంతము వెండిని ఆకర్షింపదు.

నీటి పరీక్ష మరింత నమ్మదగినది. సన్నని త్రాసుమీద నీటిగిన్నె నుంచి, నాణెమును దారముతో కట్టి, అడుగు తగులకుండ నీటిలో వ్రేలాడదీయవలెను. మంచి రూపాయియైనచో త్రాసు సుమారు 1.13 గ్రాములు అధికముగా చూపును. అదే బరువుగల రాగి బిళ్ల 1.3 గ్రాములు చూపును. ఇత్తడి ఇంకను ఎక్కువ. ఈ పరీక్షవలన నాణెమునకు గీతయైనను పడదు. ఆకురాతితో రాచుట, ఆమ్లము పోయుట, చింతపండుతోను బూడిదతోను తోమి మెరుగుపెట్టుట – ఇవి తగవు. సత్యము తెలిసికొనవలెనను తొందరలో వస్తువును పాడుచేయువాడు సత్యమును ప్రేమించువాడు కాడు. తన ఆతురతను ప్రేమించువాడు.

ఇక్కడ మరియొక విషయము గమనింపవలెను. నిజమైనది వేరు, మేలిమియైనది వేరు. చార్మినారు ముద్రగల నిజాము హాలీ రూపాయిలో వెండి నూటికి సుమారు 82 పాళ్లే. యుద్ధకాలమున, 1940 నుండి, బ్రిటిషు ఇండియా రూపాయిలో వెండి సగమునకు తగ్గింపబడెను. అయినను రెండును నిజమైన నాణెములే. తాము ఏమైయున్నవో దానినే చెప్పుచున్నవి. దీనికి భిన్నముగా, 1939 సంవత్సరపు రూపాయి మిక్కిలి అరుదు గనుక, వేరొక సంవత్సరపు మంచి రూపాయిమీద అంకెను దిద్ది అమ్మువారు కలరు. అందలి వెండి మంచిదే. నాణెము మాత్రము అబద్ధము. తక్కువ వెండి దోషము కాదు; కాని దానిని కానిదానిగా చూపుటయే దోషము. మనుష్యుల విషయమందును ఇంతే గదా!

పరీక్షింపకుండుటవలన ఎవరికి నష్టము? ఇంట్లో ఉన్నంతకాలము ఎవరికిని లేనట్లే యుండును. కాని పంపకముల దినము వచ్చును. అన్న పొలము తీసికొని, చెల్లెలికి అవ్వ దాచిన రూపాయల మూటను వెండి ధరకు లెక్కగట్టి ఇచ్చెననుకొందము. “పెద్దలు ఇచ్చినవి, పరీక్షింపరాదు” అని అతడు అనును. ఆ మాట భక్తివలె వినబడును. అయితే దాని లాభము అతనికి, నష్టము ఆమెకు. పెద్దల పేరుమీద చూపిన గౌరవము మన స్వలాభమునకు తెరయైనప్పుడు అది గౌరవము కాదు.

పరీక్షలో నాణెము తప్పిపోయినచో ఏమి చేయవలెను? ఎరుగక పుచ్చుకొనిన అవ్వ నిర్దోషి. ఎరిగి మరియొకనికి అంటగట్టువాడు నిర్దోషి కాడు. ఎన్నో ఏండ్లు పెట్టెలో నిద్రించిన మోసము వాని చేతిలో మరల మేల్కొనును. దానిని పారవేయనక్కరలేదు. “ఇది వెండి కాదు, అవ్వ చేతిది” అని చీటి వ్రాసి దానితోకూడ ఉంచవలెను. అప్పుడు ఆమె జ్ఞాపకమును నిలుచును, సత్యమును నిలుచును. మన పిల్లలు మోసపోరు, మోసగింపరు.

గీటురాయి లోహమునే చెప్పును గాని అది వచ్చిన మార్గమును చెప్పదు. యూదా తిరిగి తెచ్చిన ముప్పది వెండి నాణెములు నకిలీవని ఎవరును అనలేదు. అయినను యాజకులే వాటిని కానుకపెట్టెలో వేయుటకు వెనుదీసిరి. త్రాసు చెప్పవలసినది చెప్పిన తరువాతను మనస్సాక్షి అడుగవలసినది మిగిలియుండును: ఇది మనకు ఎట్లు వచ్చెను, మననుండి ఎట్లు పోవుచున్నది? మొదటి ప్రశ్నకు ఉత్తరము కొన్నిసార్లు మన పితరులతోనే సమాధియై యుండును. రెండవదానికి ఉత్తరము మాత్రము మన చేతిలోనే యున్నది.